ఎర్రగోధుమ వలయం కోసం

హైదరాబాద్ శివార్లలోని ఆ ఫార్మసీ కాలేజీ ల్యాబ్‌లో అడుగు పెట్టగానే క్లోరోఫామ్ తియ్యటి వాసన ముక్కుకు తగిలింది. నేను వెళ్లిన రోజు బీఫార్మసీ విద్యార్థులు డిజిటాలిస్ ప్రాక్టికల్ చేస్తున్నారు. బెంచీ మీద సీసాలో ఉన్నది ఫాక్స్‌గ్లవ్ ఆకుపొడి. మొక్కను కళ్లారా చూశారా అంటే అందరూ తల అడ్డంగా ఊపారు. ఐరోపా అడవుల అంచున పెరిగే ఆ మొక్క మన ఎండలకు తాళలేదు. దేశంలో దాన్ని పెంచింది కశ్మీర్, నీలగిరుల వంటి చల్లటి చోట్లే.

పొడిని 70 శాతం ఆల్కహాల్‌తో మరిగించి వడకడితే ముదురాకుపచ్చ రసం వచ్చింది. గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లతో పాటు పత్రహరితం, టానిన్లు అన్నీ అందులోనే ఉంటాయి. లెడ్ ఎసిటేట్ పడగానే మడ్డి విడిపోయింది. మళ్లీ వడపోత. తేటను క్లోరోఫామ్‌తో కలిపి సెపరేటింగ్ ఫన్నెల్‌లో ఊపితే కావలసిన సరుకు కింది పొరలోకి దిగుతుంది. దాన్ని పింగాణీ గిన్నెలో ఆవిరి చేశాక మిగిలింది అడుగున పల్చటి పూత. ఇంత హంగామాకూ దక్కేది అంతే!

ఆ పూతను గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, రెండు చుక్కలు ఫెర్రిక్ క్లోరైడ్ వేసి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం మీదికి జార్చాలి. కెల్లర్-కిలియాని పరీక్ష అంటే ఇదే. “గబగబా పోయకమ్మా, గొట్టం గోడవారగా వదులు” అన్నారు ప్రాక్టికల్ చేయిస్తున్న మేడమ్. రెండు ద్రవాలు కలిసేచోట ఎర్రగోధుమ వలయం కట్టింది. కాసేపటికి పైపొర నీలిపచ్చకు తిరిగింది. పక్క కుర్రాడు గొట్టం ఊపేసరికి అతని వలయం చెదిరిపోయింది. “ఇంకోసారి చెయ్యి నాయనా” అని ఆవిడ ముందుకు సాగారు.

ఆ వలయం చెప్పేది 2-డీఆక్సీ రకం చక్కెర ఉందన్న సంగతి మాత్రమే. ఏ మందో చెప్పదు.

అది తేలకపోవడం వల్లే వైద్యులు చాలాకాలం తిప్పలు పడ్డారు. ఒళ్లు నీరుపట్టిన రోగులకు ష్రాప్‌షైర్‌లో ఒక ముసలమ్మ ఇచ్చే కషాయం గురించి 1775లో విలియం విథరింగ్ విన్నాడు. ఇరవై రకాల మూలికల్లో పనిచేస్తున్నది ఫాక్స్‌గ్లవ్ అని పోల్చుకుని, బర్మింగ్‌హామ్‌లో పదేళ్లు రోగులకు వాడి 1785లో పుస్తకం రాశాడు. ఆకు ఎప్పుడు కోయాలో కూడా చెప్పాడు. అయినా ఆకు బలం ఒక్కలా ఉండదు. త్వరగా ఆరబెట్టకపోతే ఆకులోని ఎంజైమే గ్లైకోసైడ్ నుంచి గ్లూకోజ్‌ను తెంపేస్తుంది. అందుకే ఇరవయ్యో శతాబ్దంలోనూ కప్పలు, పిల్లులు, పావురాల మీద ప్రయోగించి మందు బలం కొలిచేవారు. 1875లో ష్మీడెబెర్గ్ డిజిటాక్సిన్‌ను వేరుచేశాడు. 1930లో సిడ్నీ స్మిత్ డిజిటాలిస్ లనాటా అనే మరో జాతి నుంచి డిగాక్సిన్ తీశాడు.

ఈ రెంటినీ విడివిడిగా చూపించేది సిలికా పూసిన పలక. కెడ్డె కారకం చల్లగానే ఊదారంగు చుక్కలు తేలాయి: పైన డిజిటాక్సిన్, కింద డిగాక్సిన్. వీటి మధ్య తేడా ఒకే ఒక్క ఆక్సిజన్ పరమాణువు. ఆ కాస్త తేడాకే డిగాక్సిన్ ఎక్కువగా మూత్రపిండాల గుండా పోయి, రెండు రోజుల లోపే ఒంట్లో సగమవుతుంది. డిజిటాక్సిన్ సగమవడానికి దాదాపు వారం పడుతుంది.

మన పెరళ్లలోని గన్నేరు, పచ్చగన్నేరు కూడా ఈ కుటుంబపు విషాలు మోసేవే. పచ్చగన్నేరులోని థెవెటిన్‌కు 2-డీఆక్సీ చక్కెర లేదు కనుక వలయం పరీక్షకు అది దొరకదు, కెడ్డెకు దొరుకుతుంది. వలయం రాలేదని విషం లేదనుకోకూడదని రికార్డుల్లో రాయించారు మేడమ్. ఆ ప్రాక్టికల్ మొత్తంలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదేనని నాకనిపించింది.

డిగాక్సిన్‌ను ఇప్పటికీ లనాటా ఆకుల నుంచే తీస్తున్నారు. మాత్రలో సాధారణంగా ఉండేది పావు మిల్లీగ్రాము. మోతాదు కాస్త మించినా ప్రమాదమే. ఇంట్లో ఎవరైనా అది వాడుతూ వాంతులు, నాడి మందగించడం, చూపు పసుపుపచ్చబారడం వంటివి చెబితే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.