బూటకపు వేటు

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో చెన్నైకి చెందిన భవానీదేవి సేబర్ కత్తి పట్టి బరిలో దిగింది. ఒలింపిక్ ఫెన్సింగ్‌లో మన దేశం తరఫున నిలిచిన తొలి వ్యక్తి ఆమె. మొదటి పోటీలో 15-3తో గెలిచి, రెండవదానిలో 7-15తో ఓడింది. కత్తిసాము ఎరుగని ఈ తెలుగు పంతులును అందులో ఆకట్టుకున్నది ఫెయింట్ అనే బూటకపు వేటు.

తలపై వేటు పడబోతున్నట్లు చూపాలి. ప్రత్యర్థి నమ్మి, కాచుకొనుటకు కత్తి పైకెత్తగానే, అసలు వేటును ఖాళీ అయిన పక్కలోనికి మళ్ళించాలి. చేయి సగమే చాస్తే ఎవరూ నమ్మరు. నిండుగా చాచినప్పుడు అవతలివారు కాచుకొనకపోతే, ఆ బూటకమే నిజమై తలకు తగులుతుంది.

తరగతిలో నేనూ చాలాకాలం బూటకపు కోపాన్నే ప్రయోగించాను. గడుసు పిల్లలు ఏదో సాకు అడ్డుపెట్టి, మర్నాడు పద్యం అప్పజెప్పేవారు. ఒక్కడు మాత్రం సాకు చెప్పలేదు, తల దించుకొని నిలుచున్నాడు. మర్నాటి నుండి బడికే రాలేదు. నాది ఉత్తుత్తి కోపమేనని ఇన్నేళ్ళూ సమాధానపడ్డాను. వాడికి కాచుకోవడం రాదన్న సంగతి ఆనాడు గమనించలేదు.

ఆ ఆటలో ఇద్దరి ముఖాలకూ ముసుగులుంటాయి. తరగతిలో ముసుగు నా ఒక్కడికే ఉండేది.