ముఖానికి కావలసిన వెలుగు



ఈసారి కెమెరా కొనడం గురించి రాస్తున్నాను. పాస్టరుగారికి కెమెరాతో పనేమిటని కొందరు నవ్వుకోవచ్చు. కొంచెం ఓపికగా చదవండి.

మా సంఘంలో పెద్దవాళ్లు ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే, ఇంట్లో ఏడుపుల మధ్యనే ఒకరు ట్రంకుపెట్టె తెరిచి ఫోటో కోసం వెతుకుతుంటారు. సమాధి కార్యక్రమానికి ఫ్లెక్సీ కావాలి కదా. చాలా ఇళ్లలో దొరికేది ఆధార్ కార్డు మీది బొమ్మే. అదీ పనికిరాకపోతే ఎవరి పెళ్లిలోనో గుంపు చివర నిలబడ్డ ముఖం. స్టూడియోవాళ్లు దాన్ని కత్తిరించి, పెద్దది చేసి, ఎవరిదో పట్టుచీర తగిలించి ఇస్తారు. ఒక జ్ఞాపకార్థ కూడికలో అలాంటి ఫోటో చూసి ఓ చిన్నపిల్ల, "ఈమె మా మామ్మ కాదు" అంది. ఎవరూ ఆ పిల్లను కసరలేదు. ఉన్నమాటే అంది.

ఆ తర్వాత మా స్త్రీల సమాజంవాళ్లు పిడికెడు బియ్యం డబ్బు లెక్కగట్టి నా దగ్గరకొచ్చారు. "అయ్యగారూ, ఉన్నవాళ్లకన్నా బతికుండగా మంచి ఫోటోలు తీద్దాం. కెమెరా ఏదో మీరే చూడండి" అన్నారు. వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక్కో పిడికెడు తీసి పక్కన పెడితే వచ్చిన డబ్బు అది. అందులో ఒక్క రూపాయి వృథా అయినా నాకు నిద్ర పట్టదు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన సంగతి మనకు తెలుసు. అందుకే నేనూ కూర్చున్నాను.

చూడగా చూడగా రెండు కెమెరాలు మిగిలాయి. రెండూ క్యానన్‌వే, రెండూ మిర్రర్‌లెస్. 2022లో వచ్చిన ఆర్10 ఒకటి, 2023లో వచ్చిన ఆర్8 ఒకటి. రెంటికీ 24 మెగాపిక్సెళ్లే. బ్యాటరీ, కార్డుతో కలిపి తూస్తే ఆర్10 బరువు 429 గ్రాములు, ఆర్8 బరువు 461 గ్రాములు. పెద్ద తేడా లేదు. అసలు తేడా లోపల ఉంది. వెలుగు వచ్చి పడే పలకను సెన్సార్ అంటారు. ఆర్8లో అది 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. దీన్నే ఫుల్ ఫ్రేమ్ అంటారు. ఆర్10లో దాదాపు 22 మిల్లీమీటర్లు, 15 మిల్లీమీటర్లు. దీన్ని ఏపీఎస్-సీ అంటారు. వైశాల్యం లెక్కేస్తే పెద్దది చిన్నదానికి రెండున్నర రెట్లు పైమాటే. ధర కూడా దానిదే ఎక్కువ.

మా సంఘంలో పెళ్లిళ్లకు ఫోటోలు తీసే తమ్ముడు ఒకడున్నాడు. "ఫుల్ ఫ్రేమే తీసుకోండి అయ్యగారూ, మళ్లీ మళ్లీ కొనేది కాదు కదా" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. వాన నీళ్లు పట్టడానికి చూరు కింద బేసిన్ పెడతాం, చెంబూ పెడతాం. ఒకే వానలో బేసిన్‌లోకే ఎక్కువ నీళ్లు వస్తాయి. సెన్సార్ సంగతీ అంతే. వెలుగు తక్కువైనప్పుడు ఫోటోలో ఇసక చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. పెద్ద సెన్సార్‌లో ఐఎస్ఓ 6400 దగ్గర కనిపించే ఆ ఇసక, చిన్నదానిలో సుమారు 2500 దగ్గరే కనిపిస్తుంది. రాత్రి గృహ ప్రార్థనల్లో ఒక్క బల్బు కింద పాడేవాళ్లను తీయాలంటే ఈ తేడా చిన్నదేమీ కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మా పెద్దవాళ్లు ఎండలో పనిచేసి నల్లబడ్డవాళ్లు. ఫోటో అనగానే తెల్లచీర, తెల్లపంచె కట్టుకొస్తారు. ఆ తెలుపంతా చూసి కెమెరా వెలుగు ఎక్కువైందనుకుంటుంది, ఫోటోను చీకటి చేస్తుంది. చీర చక్కగా వస్తుంది, ముఖం మసకబారుతుంది. తర్వాత కంప్యూటర్‌లో ముఖాన్ని పైకి తేబోతే ఇసక బయటపడుతుంది. ఇక్కడ కూడా పెద్ద సెన్సారే ఎక్కువ ఓర్చుకుంటుంది.

ఇంతవరకూ చదివితే పెద్దదే కొనాలనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. అయితే లెన్సు లెక్క వేరే ఉంది.

ఈ రెండు కెమెరాలతోనూ కలిపి అమ్మే చిన్న జూమ్ లెన్సును చివరిదాకా లాగితే ఎఫ్/6.3 వరకే తెరుచుకుంటుంది. విడిగా దొరికే 50 మిల్లీమీటర్ల లెన్సు ఒకటుంది. 160 గ్రాములే, ధరలో కూడా చిన్నదే. అది ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది. అంటే సెన్సార్ మీద ప్రతి చోటా పన్నెండు రెట్ల వెలుగు. పెద్ద సెన్సార్ ఇచ్చేది రెండున్నర రెట్లు, చిన్న లెన్సు ఇచ్చేది పన్నెండు రెట్లు. పెద్ద కెమెరా కొని జూమ్‌తో సరిపెట్టుకునే బదులు, చిన్న కెమెరాకు ఈ లెన్సు పెడితే మొత్తం మీద నాలుగు రెట్లకు పైగా వెలుగు లోపలికొస్తుంది. పైగా చిన్న సెన్సార్ మీద ఈ 50, ఫుల్ ఫ్రేమ్ మీద 80 లాగా చూపిస్తుంది. ఆరేడు అడుగుల దూరంలో కూర్చున్న మనిషి ముఖానికి అది సరిగ్గా సరిపోయే కొలత.

ఇక సాగదీసి అచ్చు వేస్తే? 24 మెగాపిక్సెళ్లంటే అడ్డంగా 6000 చుక్కలు, నిలువుగా 4000. అంగుళానికి 300 చొప్పున వేసినా 20 అంగుళాలు, 13 అంగుళాలు వస్తుంది. మా ఇళ్లలో గోడకు తగిలించే ఫోటో 12, 18. ఆ కొలతకు రెండు కెమెరాలూ చాలు.

అప్పటికీ నేను ఊగుతూనే ఉన్నాను. ఒక సాయంత్రం మందిరం అరుగు మీద కూర్చుని ఈ లెక్కలు సమాజంవాళ్లకు చెబుతుంటే, అటు వెళ్తున్న ఒక అవ్వ ఆగి వింది. ఆమె అడిగింది ఒకే మాట. "ఫోటో నా చేతికిస్తావా అయ్యా, లేకపోతే నీ మిషన్‌లోనే ఉంటాదా?"

సెన్సార్ ప్రశ్న అక్కడ తేలిపోయింది. పెద్దది కొంటే డబ్బంతా కెమెరాకే అయిపోతుంది, ముఖాలు కార్డులోనే ఉండిపోతాయి. చిన్నది, ఆ లెన్సు కొంటే, డెబ్బై దాటిన ప్రతివారికీ ఒక అచ్చు, ఒక ఫ్రేము కట్టించి ఇవ్వడానికి డబ్బు మిగులుతుంది. ఆర్10 కొన్నాం. సంఘం ఆస్తుల పుస్తకంలో సంఘం పేరునే రాయించాం.

పెద్ద సెన్సార్ దండగని నేననను. మీ పరిచర్యలో రాత్రి కూడికలే ఎక్కువైతే, మంచి లెన్సుకు కూడా డబ్బుంటే, ఆర్8 లాంటిదే తీసుకోండి. ఈ 50 లెన్సు దానికీ సరిపోతుంది. కానీ చిన్న సెన్సార్ కోసం చేసిన లెన్సులను దానికి పెడితే నడిమి భాగమే వాడుకుంటుంది, 24 మెగాపిక్సెళ్లు తొమ్మిదికి పడిపోతాయి. మా పనికి రాత్రి అక్కర్లేదు. రాత్రిని వెలుగుగా మార్చే యంత్రం కొనేకంటే, మనిషిని వెలుగు దగ్గరకు తేవడం మాకు చవక.

మేం చేస్తున్నది ఇదే. ఉదయం తొమ్మిది లోపు వెళ్తాం. వాకిటి గుమ్మం లోపల, ఎండ నేరుగా తగలని చోట పీట వేసి, ముఖం బయటికి తిప్పి కూర్చోబెడతాం. వెనకున్న ఇంటి చీకటే పరదా. తెల్లచీరకు మోసపోకుండా కెమెరాలో వెలుగును ప్లస్ వైపు ఒక మెట్టు దాకా జరుపుతాం. తర్వాత, "ఎలా తీయమంటారు?" అని అడుగుతాం. ఒకామె బైబిలు ఒళ్లో పెట్టుకుంది. ఒక తాతగారు గేదె లేకుండా తీయించుకోనన్నారు. గేదెతోనే తీశాం. ఆయన నవ్విన ఫోటో అదొక్కటే అని వాళ్లబ్బాయి చెప్పాడు.

ప్రియులారా, మీ దగ్గర కెమెరా లేకపోతే ఫోను ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్లున్నారు. ఈ వారంలో ఒక ఉదయం వాళ్లను గుమ్మం దగ్గర కూర్చోబెట్టి ఒక ఫోటో తీయండి. తీసి ఊరుకోకండి. అచ్చు వేయించి వాళ్ల చేతికివ్వండి, కాసేపు వాళ్లను చూసుకోనివ్వండి.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక.