అడవిలో అధ్యక్షుడు

సుపేలా ఆదివారం సంతలో కూరలు బేరమాడే ఆ రిటైర్డ్ ఉక్కు కార్మికుడి సొంతూరు శ్రీకాకుళం జిల్లా. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ భిలాయ్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన ముచ్చట ఆయన తండ్రి నోట విన్నదే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వినబడిన అధ్యక్షులు మరికొందరున్నారు. బస్తర్ అడవుల్లో మావోయిస్టులు తమంతట తామే ప్రకటించుకున్న జనతన సర్కార్ల అధ్యక్షులు. కొన్ని ఊళ్లు కలిసి ఎన్నుకునే ఆ సర్కారుకు వ్యవసాయం, ఆరోగ్యం, న్యాయం వంటి శాఖలుండేవి. ఢిల్లీ దాన్ని ఏనాడూ గుర్తించలేదు. భిలాయ్‌కి మాత్రం దాని సెగ తగిలింది. దల్లీ రాజహరా గనులు తరిగిపోతున్నా, రావ్‌ఘాట్ ఇనుప ఖనిజం ఏళ్ల తరబడి కొండలోనే ఉండిపోయింది మరి.

ఇంతకీ ఆ అధ్యక్షుడి అధికారమెంత? చెరువు పనులు, భూమి తగాదాల్లో ఆయన మాట చెల్లేది. తుపాకీ పార్టీది. సర్కారులో కూర్చున్నది ఆదివాసీలే అయినా, 2004 నుంచి 2025 మే వరకు పార్టీ ప్రధాన కార్యదర్శులుగా పనిచేసిన ఇద్దరూ తెలుగువారే. వారిలో రెండోవాడు, వరంగల్ ఆర్ఈసీలో చదివిన నంబాల కేశవరావు, 2025 మే 21న నారాయణపూర్ అడవుల్లో భద్రతా దళాల చేతిలో హతమయ్యాడు. ఆయనదీ శ్రీకాకుళం జిల్లాయే. ఆ సాయంత్రం సుపేలాలో ఈ కార్మికుడు టీవీ ముందు చాలాసేపు కూర్చున్నాడు. బాధపడాలో, ఊపిరి పీల్చుకోవాలో ఇంట్లోవాళ్లకు చెప్పలేకపోయాడు.