పాత హిమాలయనా? కొత్త హిమాలయనా?

పాతది కొనాలా, కొత్తది కొనాలా అని ఎవరైనా అడిగితే కాగితం మీద నిలువుగా ఒక గీత గీసి, ఇటు ఖర్చు, అటు లాభం రాసి చూపించటం బ్యాంకు ఉద్యోగికి అలవాటు. ముప్పై ఏళ్ళుగా ట్రాక్టర్లకీ, ఆటోలకీ, పిండిమరలకీ ఆ లెక్క చాలామందికి చెప్పాను. ఈ మధ్య ఆ ప్రశ్న మా ఇంటికే వచ్చింది, అదీ కొండదారుల్లో నడిపే మోటార్ సైకిలు గురించి. యాభై నాలుగేళ్ళ వాడికి ఇప్పుడు ఈ సరదా ఏమిటని నవ్వుకునే పాఠకులు కాస్త ఓపిక పట్టాలి.

బరంపురంలో మాది నాలుగో తరం. ఊరికి ఒక పక్క గోపాలపురం సముద్రం, రెండో పక్క కొండలు. తప్తపాని ఘాటీ ఎక్కితే మోహనా, చంద్రగిరి. అటు దక్షిణంగా పోతే 1501 మీటర్ల మహేంద్రగిరి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను గజపతి జిల్లా కొండల్లోని ఒక శాఖకు వేశారు. జీపు పోలేని సవర పల్లెలకు రుణాల తనిఖీకి రాజ్‌దూత్ మీద పోయేవాణ్ణి. ఆ దారులు అప్పుడే మనసుకు పట్టాయి. తరవాత బదిలీలు, పిల్లల చదువులు, ఇంటి అప్పు. ఇంకో ఆరేళ్ళలో పదవీ విరమణ. కుడి మోకాలు చలికాలంలో తన ఉనికి గుర్తు చేస్తూ ఉంటుంది. ఇప్పుడు కొనేదే నా ఆఖరి బండి. అందుకే లెక్క జాగ్రత్తగా వేయవలసి వచ్చింది.

ఎంపిక రెండు బండ్ల మధ్య. రెండూ రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి హిమాలయన్లే. పాతది 411 సి.సి.ది, 2016 నుంచి 2023 దాకా అమ్మారు. కొత్తది 452 సి.సి.ది, 2023 నవంబరులో వచ్చింది. అందరూ దాన్ని 450 అంటారు. శ్రీకాకుళంలో ఉన్న మా బావమరిది దగ్గర 2021 నాటి పాత రకం ఉంది. అతనికి పూనా బదిలీ అయింది. "బావా, షెడ్డులో పడి ఉండేకంటే మీ దగ్గరుంటే నాకూ బెంగ ఉండదు. లక్షన్నర ఇవ్వండి చాలు" అన్నాడు. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయేమో, "నాన్నా, కొనేదేదో కొత్తది కొనండి. తేడా డబ్బు నేను పంపిస్తాను" అన్నాడు.

కాగితం మీద చూస్తే అబ్బాయి మాటే నెగ్గుతుంది. పాత ఇంజనుకు సుమారు 24 గుర్రాల శక్తి, అయిదు గేర్లు. అది గాలితోనూ నూనెతోనూ చల్లబడుతుంది. కొత్తదానికి సుమారు 40 గుర్రాలు, ఆరు గేర్లు, కారుకున్నట్లు నీటితో చల్లబడే ఏర్పాటు. పెట్రోలు ట్యాంకు పాతదానిలో 15 లీటర్లు, కొత్తదానిలో 17. ముందు బ్రేకు డిస్కు పాతది 300 మిల్లీమీటర్లు, కొత్తది 320. నేలకూ బండి పొట్టకూ మధ్య ఎడం పాతదానికి 220 మిల్లీమీటర్లు, కొత్తదానికి 230. ఇన్ని హంగులుండీ కొత్తది 196 కిలోలే, పాతది 199. ముందు చక్రం రెండిటికీ 21 అంగుళాలే.

ఇక ఖరీదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సి.సి. దాటిన మోటార్ సైకిళ్ళ మీద జి.ఎస్.టి. 40 శాతమయింది. ఆ లోపు వాటికి 18 శాతమే. రోడ్డు పన్ను, బీమా కలుపుకుంటే కొత్తది ఇంటికి వచ్చేసరికి మూడున్నర లక్షల చుట్టుపక్కల తేలుతుంది. తరుగుదల మొదటి నాలుగేళ్ళలోనే ఎక్కువని కామర్సు చదివిన ప్రతివాడికీ తెలుసు. పాతబండి తరుగులో పెద్ద భాగం మా బావమరిది ఖాతాలో ఇప్పటికే పడిపోయింది.

అయితే బండిని నడిపి చూడకుండా తేల్చటం, పొలం చూడకుండా పంట రుణం ఇవ్వటం లాంటిది. మా శాఖలో పనిచేసే కుర్ర ఆఫీసరు దగ్గర 450 ఉంది. బావమరిది తన బండి తెచ్చిన ఆదివారం ముగ్గురం కలిసి తప్తపాని దాటి, తారు రోడ్డు వదిలి ఒక రాళ్ళబాట పట్టాం. దారి మధ్యలో బండ్లు మార్చుకున్నాం.

తారు రోడ్డు మీద కొత్త బండి ముందు పాతది నిలవదు. లారీని దాటాలంటే కొత్తది చిటికెలో దాటుతుంది, బ్రేకు వేలి కొసతో పడుతుంది, క్లచ్చి వెన్నలా ఉంది. రాళ్ళబాటలో సంగతి వేరు. మొదటి గేరులో, మనిషి నడిచే వేగంతో, వంపు మీద బండిని ఎక్కించాలి. పాత ఇంజనులో పిస్టను నడక పొడుగు, 86 మిల్లీమీటర్లు. సిలిండరు వెడల్పు 78. అది ఎద్దులా నెమ్మదిగా, తొందర లేకుండా లాగుతుంది. దాని పూర్తి లాగుడు నిమిషానికి 4000 చుట్ల దగ్గరే అందుతుంది. కొత్తదానిలో వెడల్పు 84, నడక 81.5. దాని పూర్తి లాగుడు 5500 చుట్ల దగ్గర. 3000 దాటాక అది పాతదానికంటే బలమైనదే; అంతకంటే కిందికి దిగితే మాత్రం విసుక్కుంటుంది, క్లచ్చితో బుజ్జగించాలి. మా భాషలో చెప్పాలంటే పాతది సేవింగ్సు ఖాతా, కొత్తది ఫిక్స్‌డ్ డిపాజిట్టు. రెండోదానికి వడ్డీ ఎక్కువే. నాకు కావలసినప్పుడల్లా తీసుకోవటానికి మొదటిదే వీలు.

ఇంకొకటి, సీటు ఎత్తు. పాతది 800 మిల్లీమీటర్లు, కొత్తది 825. దాన్ని 805కి దించవచ్చు. నేను అయిదడుగుల అయిదంగుళాల మనిషిని. రాళ్ళ మీద ఆగినప్పుడు రెండు పాదాలూ ఆనటానికీ, మునివేళ్ళు మాత్రమే ఆనటానికీ ఎంత తేడా ఉందో మోకాలికి తెలుస్తుంది.

ఈ లెక్కలన్నీ రాత్రి భోజనాల దగ్గర చెబితే మా ఆవిడ విని, "అవన్నీ సరే. ఆ కొండల్లో బండి పక్కకు ఒరిగిపోతే లేపేదెవరు?" అంది. నా కాగితంలో ఆ పద్దు లేదు. మర్నాడు పెరట్లో గోనెసంచులు పరిచి, పాతబండిని మెల్లగా పడుకోబెట్టాం. గేరులో పెట్టి, బండికి వీపు తిప్పి, సీటు అంచుకు నడుము కింది భాగం ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, రెండో చేత్తో వెనక చట్రం పట్టుకుని, నడుం వంచకుండా కాళ్ళ బలంతో వెనక్కి చిన్న చిన్న అడుగులు వేయాలి. మొదటిసారి లేవలేదు. రెండోసారి లేచింది. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. లేవకపోయి ఉంటే ఈ రెండు బండ్లలో ఏదీ కొనకూడదని ముందే ఒప్పందం. లేచింది కనుక రెండు షరతులు పెట్టింది: ఒంటరిగా కొండెక్కకూడదు, చీకటి పడకముందే కిందికి దిగాలి.

చివరికి పాతదే తీసుకున్నాను. అబ్బాయి డబ్బు వద్దన్నాను. వాడికీ ఇంటి అప్పు ఉంది. మిగిలిన దానిలో మంచి హెల్మెట్టు, మోకాలి కవచాలు, బూట్లు, కొత్త టైర్లు, చైను సెట్టు కొన్నాను. పాతది కొనేవారు 2020 తరవాతిదే చూడటం మంచిది. 2016లో వచ్చినది కార్బొరేటరుది, 2017లో ఫ్యూయల్ ఇంజెక్షను వచ్చింది, 2020లో బి.ఎస్.6తోపాటు, జారుడు దిగుళ్ళలో వెనక చక్రపు ఏ.బి.ఎస్.ను ఆపే మీట వచ్చింది. విడిభాగాల భయం నాకు లేదు. 2025 జనవరిలో వచ్చిన స్క్రామ్ 440 ఇంజను ఈ 411ను పెంచి చేసినదే.

ముప్పై ఏళ్ళ కుర్రవాడు, వారానికోసారి భువనేశ్వర్ హైవే ఎక్కేవాడు, పొడుగరి అయితే కొత్తదే కొనమంటాను. ఆ సొమ్ముకు అది తగినదే.

మనవాళ్ళకు ఆంధ్రలో చుట్టాలెక్కువ గనక కాగితాల సంగతి కూడా చెప్పాలి. అక్కడి నంబరు బండిని ఇక్కడికి తెచ్చుకుంటే, పాత ఆర్.టి.ఓ. నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తేవాలి. ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే ఇక్కడి నంబరు వేయించుకోవలసిందే. పన్ను ఇక్కడ మళ్ళీ కట్టి, అక్కడ కట్టినదానిలో మిగిలిన భాగం వాపసుకు దరఖాస్తు పెట్టుకోవాలి. పేరు మార్పుకు ఫారం 29, 30. ఆర్.సి.లో బ్యాంకు తనఖా ఉంటే, అప్పు తీరిపోయినా ఫారం 35 ఇస్తే గాని అది పోదు. బీమాను పద్నాలుగు రోజుల్లో మన పేరు మీదికి మార్చమని అడగాలి. పాత చలానాలు ఉన్నాయేమో డబ్బు ఇవ్వకముందే చూసుకోవాలి. బావమరిదైనా సరే!

ఈ ఫారాల విషయంలో ఎవరికైనా సందేహముంటే ఆదివారం సాయంత్రాలు సంఘం గ్రంథాలయంలో దొరుకుతాను. ఉదయం మాత్రం దొరకను.