వెనక చక్రం

మా నాయన రెడ్డి ఇంట్లో జీతగాడు. ఎద్దులబండి ఇరుసుకు కందెన పెట్టేది ఆయన పనే. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి గుడ్డతో పూసేవాడు. కిర్రుమనేది ఏ చక్రమో చీకట్లో విని చెప్పేవాడు. ఆ చెవి నా తమ్మునికి వచ్చింది. నేను బి.ఎడ్. చదివి గవర్నమెంటు బడిలో టీచరయితిని. వాడు పది తప్పి నంద్యాల షెడ్డులో హెల్పరుగా చేరి, పని నేర్చి బేతంచెర్లలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్యాడు.

మాది నాపరాళ్ల ఊరు. పాలిషు ఫ్యాక్టరీల రాతిపొడి తడిస్తే బురద, ఎండితే సిమెంటు. బండ్ల చక్రాల్లో దూరి గట్టిపడతాది.

ఒక ఆదివారం నేను షెడ్డు కాడ ఉండగా ఒక ఫ్యాక్టరీ ఓనరు పాత కారు తెచ్చినాడు. వెనక ఎడమ చక్రం కుయ్యిమంటాంది, బండిని ఎవరో వెనక్కి గుంజినట్టుంది అన్నాడు. అప్పటికే ఇంకో చోట బేరింగు మార్పించినాడంట.

తమ్ముడు పానా ముట్టలేదు. బ్రేకు ఎక్కువ తొక్కకుండా కొంత దూరం నడిపి వచ్చి, చక్రం నడిమధ్యన చెయ్యి ఆనీ ఆనకుండా పెట్టినాడు. "సార్, మీ చెయ్యి ఇట్ల తెండి" అని ఆయన మణికట్టు పట్టుకొని దగ్గరికి తీస్కపోయినాడు. ఎడమది సెగలు కక్కుతాంది. కుడిది గోరువెచ్చన. "బేరింగు పోతే స్పీడు పెరిగేకొద్దీ హోరుమంటాది సార్. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే లొడలొడలాడతాది. ఇది బ్రేకు పట్టుకున్యాది."

ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీ ఎత్తి, హ్యాండ్ బ్రేకు దించి తిప్పినాడు. తిరగలే. బ్లీడరు స్క్రూ వదులు చేసినాడు. అయినా తిరగలే. "ఆయిలు ప్రెజరు గాదు" అని కిందికి దూరి కేబులు వదులు చేస్తే తిరిగింది. కేబులు తొడుగు చిరిగి, బురద దూరి, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కొత్తది వేసినాడు. ఘర్షణ పాఠం నేను ఎన్నేండ్లుగానో బోర్డు మీద చెప్తాండా. వాడు చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలే.

ఓనరుకు సంతోషమైంది. "ఎవురి పిల్లోడివప్పా?" అన్నాడు. తమ్ముడు మా పేట పేరు చెప్పినాడు. నేనిచ్చిన నీళ్ల గ్లాసు ఆయన చేతిలోనే ఉంది. "దప్పిక లేదులే" అని బానెట్ మీద పెట్టినాడు. డబ్బులు గూడా ఆడనే పెట్టినాడు. ఆ మణికట్టును ప్యాంటుకు తుడుచుకోవడం నేను చూసినా.

1929లో చాలీస్‌గావ్‌లో అంబేడ్కర్‌ను కూర్చోబెట్టుకొని తోలడానికి టాంగావాలాలు ఒప్పుకోలే. తోలడం రాని మనోడొకడు పగ్గాలు పట్టినాడు. కల్వర్టు మీద చక్రం రాళ్ల నడుమ ఇరుక్కొని, బాబాసాహెబ్ కింద పడి కాలు విరిగింది. తోలడం మనకు ఎవురు నేర్పినారు గనక? తమ్ముడు నేర్చుకున్యాడు. నేర్చినా గ్లాసు బానెట్ మీదికే పోయింది.

కొన్నాళ్లకు అదే కారు కుడి చక్రం పట్టుకుంది. ఈసారి డ్రైవరుతో పంపినాడు. తమ్ముడు జాకీ తీయలేదు. "ఓనరును రమ్మను. సెగ ఆయన చేత్తోనే చూడాల" అన్నాడు. షెడ్డు బాడుగ కట్టాల్సిన వారమది, మరదలు నా దిక్కు చూసింది. నేనేమీ అనలే. కారు రెండు దినాలు షెడ్డు ముందరే ఉండిపాయ.