రెండు చుక్కలు, 110 డిగ్రీలు

ఇంజన్‌కి ఊపిరి ఉంటుందనీ, ఆ ఊపిరికో వేళ ఉంటుందనీ, ఆ వేళను మనిషి చేత్తో సరిదిద్దగలడనీ మొన్న శనివారం దాకా నాకు తెలియదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీగారు మా నాన్న అంబాసిడర్ ఇంజన్ విప్పారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన పాత 1489 సీసీ ఇంజన్ అది. పొద్దున్న పదింటికి వెళ్లినదాన్ని, దీపాలు పెట్టే వేళ దాకా అక్కడినుంచి కదల్లేదు.

కామ్‌షాఫ్ట్‌ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నాను. మూరెడు కడ్డీ, దాని మీద గుడ్డు ఆకారంలో ఎనిమిది ఉబ్బులు. ఒక్కో ఉబ్బు ఒక్కో వాల్వుని తెరుస్తుంది. పిస్టన్లు తిప్పే క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఇది ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే ఇంజన్ 3000 ఆర్‌పీఎంలో ఉంటే ఒక్కో వాల్వు సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది! నా చిన్నప్పుడు ఆ కారు వెనక సీట్లో నిద్రపోయినంతసేపూ ఇదంతా నా కాళ్ల ముందే జరుగుతూ ఉందన్నమాట.

క్రాంకుకీ కామ్‌కీ ఉన్న రెండు పళ్లచక్రాల మీదా చెరో చుక్క ఉంది. చుక్కలు ఎదురెదురుగా వచ్చేలా చైన్ వేశారు. "అయిపోయిందా మేస్త్రీగారూ?" అన్నాను.

"ఇప్పుడే మొదలైందమ్మా. చుక్కలు దారి చూపిస్తాయి, ఇల్లు మనం వెతుక్కోవాలి" అని క్రాంకు ముందు డిగ్రీల చక్రం బిగించారు.

ముందు ఒకటో పిస్టన్ సరిగ్గా పైకి చేరే చోటు పట్టుకోవాలి. హెడ్డు తీసే ఉంది, పిస్టన్ కళ్ల ముందే కనిపిస్తోంది, ఇందులో కష్టమేముంది అనుకున్నాను. కానీ ఉయ్యాల చివరంచున ఆగినట్టు, పిస్టన్ కూడా పైన ఓ క్షణం నిలబడిపోతుంది. అక్కడ క్రాంకు రెండు డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలేది వెంట్రుక మందం కూడా ఉండదు. అందుకే ఆయన పైభాగాన్ని వెతకనే లేదు! పిస్టన్ పైదాకా రాకుండా బ్లాకు మీద అడ్డుపట్టీ బిగించి, క్రాంకుని మెల్లగా ఒకవైపు తిప్పారు. పిస్టన్ పట్టీకి తగిలింది: 28. రెండోవైపు తిప్పితే 34. రెండువైపులా 31 చూపించేలా సూచికను జరిపారు. ఇక సున్నా ఉన్న చోటే అసలైన పైభాగం. కంటికి చిక్కని చోటుని రెండు పక్కలనుంచి కొలిచి పట్టుకోవడం ఎంత అందంగా ఉందో చెప్పలేను.

కామ్‌కీ అదే పద్ధతి. ఇన్‌లెట్ ట్యాపెట్ మీద పుష్‌రాడ్ నిలబెట్టి, దాని నెత్తిన డయల్ గేజ్ ఆనించారు. ముల్లు ఎక్కువలో ఎక్కువ ఎక్కిన చోటు చూసుకుని, దానికి ఒక మిల్లీమీటరు తక్కువ ఉన్నప్పుడు ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి డిగ్రీలు రాసుకున్నారు. క్రాంకుని ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పాలట, వెనక్కి తిప్పితే చైన్ వదులు లెక్కని పాడుచేస్తుంది.

లెక్క నాకూ నేర్పారు. పిస్టన్ పైభాగానికి చేరడానికి 5 డిగ్రీల ముందు వాల్వు తెరుచుకుని, కిందిభాగం దాటాక 45 డిగ్రీలకి మూసుకుంటే మొత్తం 230. సగం 115, అందులోంచి 5 తీసేస్తే 110. ఉబ్బు శిఖరం అక్కడ రావాలి. మాకు 114 వచ్చింది. చుక్కలు కలిశాయి, అయినా కామ్ 4 డిగ్రీలు ఆలస్యం! వాల్వు ఆలస్యంగా మూసుకుంటే పీల్చిన గాలి, పెట్రోలు కొంత వెనక్కి పోతుంది, తక్కువ వేగంలో లాగుడు తగ్గుతుంది. నాన్న ఎన్నేళ్లుగానో చెబుతున్న ఫిర్యాదు అదే!

కామ్‌ని దాని పళ్లచక్రంతో కలిపే, అర్ధచంద్రంలా ఉండే చిన్న కీ ఒకటి తీసి, దాని చోట కొంచెం పక్కకి జరిపి కోసిన కీ పెట్టారు. మళ్లీ కొలిచారు. 110.

తర్వాత క్రాంకుని చేత్తో తిప్పి చూపించారు. ఒక చుట్టు పూర్తయ్యేసరికి కామ్ చుక్క అవతలి వైపుంది. రెండో చుట్టుకి రెండు చుక్కలూ మెల్లగా ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. నేను పానా అడిగి తీసుకున్నాను, ఇంకోసారి తిప్పి చూసుకోవడానికి.