రావిర్యాల చెరువు గట్టున

హైదరాబాద్ పాతబస్తీ నుండి చాంద్రాయణగుట్ట, బార్కస్, పహాడీ షరీఫ్ దాటి శ్రీశైలం రహదారిపై సాగితే తుక్కుగూడ వస్తుంది. అక్కడి నుండి అవుటర్ రింగు రోడ్డు వెంట ఆదిభట్ల దిక్కుగా మళ్లితే రావిర్యాల. సెలవు రోజుల్లో ఈ దారి పట్టే కుటుంబాలలో చాలా భాగం 2016లో తెరిచిన వండర్‌లా వినోదవనానికి వెళ్లేవే. మా కారు ఆ ద్వారం ముందు ఆగకుండా ముందుకు పోయినప్పుడు పిల్లల ముఖాలు చిన్నబోయాయి. మేము వెళ్తున్నది చెరువుకు.

అది ఫిబ్రవరి చివరి వారం. ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరాం గనుక గట్టు చేరేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంది. మోదుగలు పూశాయి. వానాకాలంలో నిండిన నీరు వెనక్కి తగ్గి, శిఖం భూమిలో తేమ మిగిలిన చోటల్లా పచ్చిక మొలిచింది. ఒక పక్క రింగు రోడ్డు మీద లారీల హోరు, మరో పక్క నీటిలో కొంగల మౌనం. ఈ ప్రాంతానికి చెరువులే ప్రాణం. ఇక్కడికి దగ్గరలోని ఇబ్రహీంపట్నం, దాని పెద్ద చెరువు 1550 నుండి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరును నేటికీ మోస్తున్నాయి. హుస్సేన్ సాగర్ కూడా ఆయన కాలపు నిర్మాణమే. వాన నీటిని కట్ట కట్టి ఆపకపోతే ఈ రాతినేల మీద సేద్యమూ లేదు, చేపా లేదు.

గాలం బయటికి తీయకముందే చేయవలసిన పని ఒకటి ఉంది. తెలంగాణ చెరువులలో చేపల హక్కు సాధారణంగా ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది. పిల్ల చేపలను వదిలేదీ, కాపలా కాసేదీ, వల వేసేదీ ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలవారు. నీరు అందరిదీ అన్న మాట నిజమే గాని, ఒకరి శ్రమతో పెరిగిన చేపను అడగకుండా పట్టుకుపోతే అది వినోదం ఎలా అవుతుంది? దాసుల హక్కుల గురించి జుమా ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాం. అవి చెరువు గట్టున కూడా వర్తిస్తాయని పిల్లలకు చూపించే అవకాశం అది. తూము దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను పలకరించి సంగతి చెప్పాం.

“గాలమేనా సాబ్? ఏసుకోండ్రి. ఇంట్లకు సరిపడ పట్టుకోండ్రి గని, రవ్వ పిల్లలు పడితే ఇడిశిపెట్టుండ్రి. మొన్ననే ఇడిశినం” అన్నాడాయన. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పోయేటప్పుడు తన దగ్గర చేపలు కొనమన్నాడు, అంతే.

మాతో మా బావమరిది ఉన్నాడు. అమెరికాలో న్యూయార్క్ దగ్గర ఉద్యోగం. హడ్సన్ నది ఒడ్డున చేపలు పట్టడం అక్కడ అతనికి అలవాటైంది. ‘స్ట్రైప్డ్ బాస్’ అనే చారల చేప సముద్రంలో బతుకుతుందట. వసంతం రాగానే గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురెక్కి వస్తుంది. దాని కోసం రెండు పద్ధతులు. ఒకటి ఫ్లై ఫిషింగ్: ఈకలు, వెంట్రుకలు చుట్టి పురుగులాగానో చిన్న చేపలాగానో కనిపించే తేలికపాటి కొక్కెం కట్టి, బరువైన దారాన్ని గాలిలో వెనక్కీ ముందుకీ ఊపి విసరడం. ఇందులో కొక్కేనికి బరువుండదు, దారానికే ఉంటుంది. రెండవది జిగ్గింగ్: సీసపు తల గల కొక్కేన్ని అడుగుదాకా దించి, కర్ర కొసను చిన్నగా ఎగరవేస్తూ ఎరకు ప్రాణమున్నట్టు భ్రమ కల్పించడం. నిర్ణయించిన కొలత కంటే చిన్న చేపనే కాదు, పెద్ద చేపను కూడా అక్కడ తిరిగి నీటిలో వదలాలి. ఎక్కువ గుడ్లు పెట్టేది పెద్ద ఆడచేపే గనుక ఆ నియమం.

ఆ విద్యను రావిర్యాలలో ప్రదర్శించాలని అతని ఉబలాటం. మొదటి విసురుకే ఈకల కొక్కెం వెనకనున్న తుమ్మ చెట్టుకు తగులుకుంది. రెండవదీ అంతే. వల బాగుచేస్తున్న పెద్దాయన తలెత్తి చూసి, మర్యాదకు నవ్వు ఆపుకున్నాడు. విశాలమైన నదికి సరిపోయే పద్ధతి తుమ్మలు కమ్ముకున్న కట్ట మీద పనికిరాదని ముళ్ల గీతలతో తెలిసివచ్చింది.

మన నీటిలో చారల చేప వేరే ఉంది. కొరమీను. మా ప్రాంతంలో కొర్రమట్ట అంటారు, పాతబస్తీ బజారులో మురల్. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించబడినది ఇదే. మొప్పలతోనే గాక పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకొని కూడా బతకగలదు. అందుకే నీరు ఇంకి బురద మిగిలినా చావదు, అంగడిలో తడి గోనె కింద గంటల తరబడి కదులుతూనే ఉంటుంది. తుంగ, గుర్రపుడెక్క అంచుల్లో పొంచి ఉండి పైన కదిలేదాన్ని గుటుక్కున మింగుతుంది. కప్ప కూడా దానికి ఆహారమే. కాబట్టి మన పల్లెల్లో బతికున్న కప్పను కొక్కేనికి గుచ్చి నీటిపై గెంతించి కొర్రమట్టను పట్టడం పాత అలవాటు.

ఇక్కడ మేము ఆగవలసి వచ్చింది. మా పెద్దవాడు అప్పటికే ఒక కప్పను డబ్బాలో మూసి తెచ్చాడు. ఒక వైద్యుడు మందులో వాడేందుకు కప్పను గురించి అడిగితే, దైవప్రవక్త (సల్లం) దాన్ని చంపవద్దని వారించిన సంగతి అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. రోగి కోసమే వద్దన్నప్పుడు మన సరదా కోసం ప్రాణమున్నదాన్ని గుచ్చడం ఎలా సమ్మతం? వాడు కాసేపు గొణిగి డబ్బా మూత తీశాడు. కప్ప కదలలేదు, తట్టితే గెంతి తుంగలోకి పోయింది. బావమరిది సంచిలో రబ్బరు కప్ప దొరికింది. కొక్కేలు దాని వీపుకు ఆనుకొని ఉంటాయి గనుక ఆకులకు తగులుకోదు. దాన్ని గుర్రపుడెక్క మీదికి విసిరి, కొద్దిగా లాగి, ఆపి, మళ్లీ లాగాలి. చేప ఎగిరి పట్టినప్పుడు వెంటనే లాగితే ఊడిపోతుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి గట్టిగా ఎత్తాలి. పిల్లవాడు రెండుసార్లు ఒకటి దగ్గరే లాగాడు. మూడోసారి లెక్క పూర్తిచేశాడు.

కిలోకు కొంచెం తక్కువ తూగే చేప. నీటి వేటకు జబహ్ అవసరం లేదు. సముద్రపు వేటను అల్లాహ్ మన కోసం ధర్మసమ్మతం చేసిన సంగతి మాయిదా సూరాలో ఉంది. అయినా గాలి పీల్చి బతికే ఈ జీవిని గట్టు మీద గంటసేపు కొట్టుకోనివ్వడం, పొలుసులు బతికుండగానే గీకడం మాకు నచ్చదు. జబహ్ అక్కరలేదన్న సౌలభ్యం దాన్ని హింసించడానికి అనుమతి కాదు. బిస్మిల్లాహ్ అని తలపై ఒక్క దెబ్బతో దాని పని ముగించాం. తూము దగ్గర జిగ్గింగ్‌తో బావమరిది ఒక రవ్వ పిల్లను పట్టాడు. రవ్వ సాధారణంగా అలాంటి ఎరకు రాదు, కొక్కెం వీపుకు తగిలి వచ్చింది. చేయి తడుపుకొని, కొక్కెం తీసి, వదిలేశాడు. పెద్దాయన దూరం నుండి చూసి తల ఊపాడు.

మళ్లీ వెళ్లింది జూలైలో. మృగశిర కార్తె దాటింది, వానలు పడ్డాయి, నీరు గట్టుకు దగ్గరగా వచ్చింది. తుంగ పక్కన నీటి మీద అరచేయంత మేర ఎర్రగా ఉడుకుతున్నట్టు కనిపించింది. వందల కొరమీను పిల్లలు గాలి కోసం ఒక్కసారిగా పైకి వచ్చి దిగుతున్నాయి. వాటి కింద నల్లగా, మోచేయి పొడవున ఒక పెద్ద చేప, దాని వెనక మరొకటి. కొరమీను తన పిల్లలను విడిచిపోదు, దగ్గరికి వచ్చినదేదైనా మీదపడి తరుముతుంది. ఆ గుంపు మధ్య రబ్బరు కప్పను వేస్తే ఆకలి లేకపోయినా కరుస్తుంది. గాలం వేసేవారందరికీ తెలిసిన రహస్యమే ఇది. తల్లి పోతే ఆ ఎర్రటి గుంపును కొంగలూ ఇతర చేపలూ ఒక పూటలో ముగిస్తాయి.

“అబ్బాజాన్, ఇంత దగ్గర! గురి తప్పదు” అన్నాడు పెద్దవాడు, కర్ర ఎత్తి.

ఆరాఫ్ సూరాలోని సబ్త్ జనుల గాథ మాకు అప్పుడే గుర్తుకు వచ్చింది. వేట నిషిద్ధమైన రోజునే చేపలు ఒడ్డుకు వచ్చి కనిపించేవి, మిగతా రోజుల్లో వచ్చేవి కావు. చేతికి అందేలా రావడమే వారికి పరీక్ష అయింది. పక్షి పిల్లలను సహచరులు తీసుకొస్తే, తల్లి రెక్కలు కొట్టుకుంటూ తిరగడం చూసి దైవప్రవక్త (సల్లం) వాటిని తిరిగి చేర్చమన్న ఉదంతం కూడా చెప్పాం. ఈ చేపపై నిషేధమేమీ లేదు, పడితే హలాలే. ఆ మాట కూడా దాచలేదు. నిర్ణయం వాడికే వదిలాం.

వాడు చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తరువాత కర్ర దించి, పిల్లలు ఎన్నిసార్లు పైకి వస్తాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. చెల్లెలు వచ్చి పక్కన కూర్చుంది. ఎర్రటి మరక తుంగ అంచు వెంట మెల్లగా జరుగుతూ పోయింది, నల్లని నీడలు రెండూ దాని వెంటే.

చెరువు నీటితోనే వుజూ చేసి, కట్ట మీద చాప పరచి అస్ర్ నమాజు చేసుకున్నాం. తూము దగ్గర పెద్దాయన లేడు, ఆ రోజు వల దించలేదట. ఇంట్లో మసాలా నూరి ఉంచుతామని చెప్పిన సంగతి తిరుగుదారిలో గుర్తొచ్చి, తుక్కుగూడలో ఆగి డజను కోడిగుడ్లు కొన్నాం.